ఫొటో కింద తేదీ వేయండి

పోయిన ఆదివారం పొద్దున ఆరుంబావుకు ఆల్థాన్‌లో మా ఇంటి దగ్గరి కాంకరా ఖాడీ గట్టున నిలబడ్డాను. సూరత్‌లో వాగును ఖాడీ అంటారు. అవతలి ఒడ్డున విరిగిన తుమ్మకొమ్మ మీద లకుముకి పిట్ట కూర్చుని ఉంది. వీపు మీద ఎండ పడేదాకా మామూలుగా కనిపించి, పడగానే నీలం రంగు భగ్గున వెలిగే పిట్ట అది. నేను నలభై నిమిషాలు కదలకుండా నిలబడ్డాక అది బురదలోకి దూకి ముక్కున ఎండ్రకాయతో లేచింది. ఆ క్షణం ఒక్క ఫొటోలో పడింది.

ఇంటికొచ్చి, చాయ్ తాగకముందే ఆ ఫొటోను ఫేస్‌బుక్‌లో పెట్టాను. రాత్రి పడుకునే వేళకు పదకొండు లైకులు వచ్చాయి. వాటిలో ఏడు చుట్టాలవి, రెండు మా కార్ఖానా పిల్లలవి. మాట రాసినవాళ్లు ఒక్కరూ లేరు.

తొమ్మిదేళ్లుగా ఇదే వరస. నాలాగా పిట్టల ఫొటోలు తీసి నలుగురికీ చూపించాలనుకునేవాళ్లు తెలుగువాళ్లలో చాలామంది ఉన్నారు. పొద్దున్నే లేచి చెరువు గట్టుకు పోతారు. జీతంలో మిగిల్చి లెన్సు కొంటారు. ఫొటో పెడతారు, ఎదురుచూస్తారు. ఏడాది, రెండేళ్లు చూసి మానేస్తారు. నా దోస్తు ఒకాయన కిందటేడు కెమెరా అమ్మేశాడు. "ఎవరి కోసం తీయాలె అన్నా?" అని అడిగాడు. అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్పాలనుకుంటున్నాను. ఫొటోలు తీసేవాళ్లు మానకూడదు. ఎందుకు మానకూడదో, మానకుండా ఉండాలంటే తీసేవాళ్లూ చూసేవాళ్లూ ఏం మార్చుకోవాలో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

మాది సిరిసిల్ల. పద్మశాలీలం. నాయిన సాంచాల (మరమగ్గాల) పని వెతుక్కుంటూ సూరత్ వచ్చాడు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి అలా వచ్చిన కుటుంబాలు ఇక్కడ వేలల్లో ఉన్నాయి. ఈ నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతుంది. నేను అక్షరాలు దిద్దుకున్నది అలాంటి బడిలోనే. ఇప్పుడు జకార్డ్ మగ్గాలకు కంప్యూటర్ మీద డిజైన్లు గీస్తాను.

మా పనిలో మాట వెంటనే వస్తుంది. డిజైన్ గీసి, గజం గుడ్డ నేయించి సేట్ ముందు పరిస్తే అరగంటలో తేలిపోతుంది. "చాల్‌సే" అంటే నడుస్తుంది. "నహీ చాలే" అంటే గీతలు చెరిపి మళ్లీ మొదలుపెట్టాలి. కొంగు బరువుగా ఉందనో, అంచు రంగు చీరను మింగేస్తోందనో చెబుతారు. తిట్టినా సరే, ఎక్కడ తప్పిందో తెలుస్తుంది. ముప్ఫై ఏళ్లు అలా బతికినవాణ్ని కాబట్టి పిట్టల ఫొటోకు ఎదురైన మౌనం నాకు కొత్త. బాగుందో బాగాలేదో తెలియదు. అసలు ఎవరైనా చూశారో లేదో తెలియదు.

ఈ బాధను చిన్నచూపు చూడొద్దని మొదటే చెబుతున్నాను. "లైకుల కోసం తీస్తున్నావా?" అని అడిగేవాళ్లుంటారు. పసిపిల్ల వేలు చూపించి "అగో పిట్ట" అన్నప్పుడు పక్కనున్న పెద్దవాళ్లు తల తిప్పి చూడాలి. చూడకపోతే ఆ పిల్ల మళ్లీ అంటుంది, కొంగు పట్టి లాగుతుంది, చివరికి ఊరుకుంటుంది. ఫొటో పెట్టేవాడి మనసూ అంతే. తనకు కనిపించింది ఇంకొకరికీ కనిపించాలన్న ఆశ మనిషికి సహజం. దాన్ని దాచుకోవాల్సిన పనిలేదు.

అయితే ఆ ఆశ మన చేత ఏం చేయిస్తుందో గమనించాలి. నేను చేసిన తప్పొకటి ఇక్కడ చెప్పాలి.

నాలుగేళ్ల కిందట ఏప్రిల్‌లో, ఆల్థాన్‌కూ భీమ్‌రాడ్‌కూ మధ్య ఒక ఖాళీ ప్లాటులో తీతువు పిట్ట గుడ్లు పెట్టింది. తీతువు గూడు కట్టదు. గులకరాళ్ల మధ్య చిన్న గుంట చేసి అందులోనే పెడుతుంది. నాలుగు గుడ్లు. మట్టిరంగు మీద నల్లమచ్చలు. ఎక్కడున్నాయో తెలిసినా రెండడుగుల దూరం నుంచి కంటికి ఆనవు. నేను దగ్గరకు పోగానే తల్లి లేచి నా నెత్తి మీద తిరుగుతూ అరవడం మొదలుపెట్టింది. ఊళ్లో ఆ అరుపును అపశకునం అంటారు. పాపం, గుడ్ల దగ్గరకు రావద్దని అది మొత్తుకోవడం. నేను నేల మీద బోర్లా పడుకుని కెమెరా పెట్టుకున్నాను. ఎండ మాడుతోంది. ఇరవై నిమిషాలు నేను కదల్లేదు, అది దిగలేదు. చివరికి తట్టుకోలేక దిగివచ్చి, రెక్కలు సగం విప్పి గుడ్లకు నీడ పట్టింది. ఆ ఫొటో తీశాను.

నా మొత్తం ఫొటోల్లో ఎక్కువమంది మెచ్చుకున్నది అదే. రెండు వందల నలభై లైకులు, ముప్ఫై ఒక్క కామెంట్లు. తల్లి ప్రేమ అని, అద్భుతం అని రాశారు. రెండు రోజుల తర్వాత పోయి చూస్తే గుంట ఖాళీగా ఉంది. కుక్క తిన్నదో, కాకి ఎత్తుకుపోయిందో, ముంగిస వచ్చిందో చెప్పలేను. ఇరవై నిమిషాలు ఆ గుడ్లు ఎండకు మాడాయన్నది మాత్రం నిజం. నేను నడిచిన దారి, నేను పడుకున్న చోటు గుంటను చూపించే గుర్తులయ్యాయన్నదీ నిజం. ఆ ఫొటోను తీసేశాను. అప్పటి నుంచి గూటి దగ్గర, గుడ్ల దగ్గర కెమెరా ఎత్తలేదు.

మెచ్చుకోలు తక్కువైన చోట మనిషి దాన్ని వెతుక్కుంటూ పిట్టకు మరీ దగ్గరగా పోతాడు. ఎగిరే ఫొటో కోసం రాయి విసిరేవాళ్లను చూశాను. ఫోన్‌లో పిట్ట కూత పెట్టి, పోటీకి ఇంకో పిట్ట వచ్చిందని భ్రమపెట్టి పిలిచేవాళ్లను చూశాను. వాళ్లు చెడ్డవాళ్లేమీ కాదు. వాళ్లకూ నాకున్న ఆకలే.

చలికాలం వస్తే సూరత్‌లో తాపీ నది కాజ్‌వే దగ్గరకు వెళ్లి చూడండి. ఉత్తరం వైపు నుంచి వలస వచ్చిన తెల్లని గల్ పక్షులు గుంపులుగా దిగుతాయి. జనం సేవ్, గాంఠియా విసురుతారు. పక్షులు గాల్లోనే అందుకుంటాయి. వెనకనుంచి పొద్దుపొడుపు వెలుగు. ఎవరు తీసినా ఆ ఫొటో బాగానే వస్తుంది, లైకులూ బాగానే వస్తాయి. నేనూ తీశాను. కానీ ఉప్పూ నూనే కలిసిన శనగపిండి వాటి తిండి కాదు. ఆల్థాన్ బురదలో తలవంచుకుని పురుగులు ఏరుకునే చిన్న ఉల్లంకి పిట్టకు మూడు లైకులొస్తే, గాంఠియా తినే గల్‌కు మూడు వందలొస్తాయి. దాంతో కెమెరాలన్నీ కాజ్‌వేకే పోతాయి. ఉల్లంకి వచ్చిందో రాలేదో ఆ ఏడాది రాసేవాడు ఉండడు.

నా వాదన ఇక్కడే మొదలవుతుంది. పిట్ట ఫొటో ముందుగా ఒక సాక్ష్యం. ఫలానా పిట్ట ఫలానా రోజున ఫలానా చోట ఉందని చెప్పే కాగితం. అందంగా ఉంటే సంతోషం. తేదీ, చోటు, పేరు లేకపోతే మాత్రం ఎంత అందమున్నా అది సగం పనే.

ఆ విలువ ఎంతో తెలియాలంటే కాస్త వెనక్కి పోవాలి. 19వ శతాబ్దంలో మద్రాసు ప్రెసిడెన్సీలో థామస్ జెర్డన్ అనే వైద్యాధికారి ఉండేవాడు. కొంతకాలం నెల్లూరులో పనిచేశాడు. 1843 నుంచి 1847 దాకా ఆయన వేయించిన పక్షుల బొమ్మల పుస్తకానికి బొమ్మలు గీసింది మన దేశపు చిత్రకారులే. 1862–64 మధ్య వచ్చిన ఆయన 'బర్డ్స్ ఆఫ్ ఇండియా'లో చాలా పిట్టలకు తెలుగు పేర్లు కూడా ఉన్నాయి. ఎవరో బోయవాళ్లో, పశువుల కాపర్లో చెప్పి ఉంటారు. వాళ్లను ఎవరూ మెచ్చుకుని ఉండరు. చెప్పిన పేరు మాత్రం నిలిచింది.

1931–32లో పక్షిశాస్త్రవేత్త సలీం అలీ హైదరాబాద్ రాజ్యంలో పక్షుల సర్వే చేశారు. ఊళ్లు తిరిగి, ఏ పిట్ట ఎక్కడ, ఏ నెలలో కనిపించిందో రాసుకున్నారు. అప్పుడాయనకు పెద్ద పేరేమీ లేదు. తెలంగాణలో ఒకప్పుడు ఏ పిట్టలుండేవో తెలుసుకోవాలనుకునేవాళ్లు తొంభై ఏళ్ల తర్వాత కూడా ఆ రాతలనే తిరగేస్తున్నారు.

కలివికోడి సంగతి కడప జిల్లావాళ్లకు తెలిసే ఉంటుంది. జెర్డన్ ద్వారా 1848లో లోకానికి తెలిసిన పిట్ట అది. 1900 తర్వాత దాని జాడ ఎక్కడా నమోదు కాలేదు. పోయిందనే అనుకున్నారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు వెతుకుతూ వస్తే, 1986 జనవరిలో ఐతన్న అనే అక్కడి మనిషి రాత్రిపూట దాన్ని పట్టి తెచ్చి చూపించాడు. శాస్త్రం పోయిందనుకున్న పిట్టను ఊరివాళ్లు ఎరుగుదురు. అడిగినవాళ్లు, రాసినవాళ్లు లేకపోయారంతే. ఒక నమోదుకూ మరో నమోదుకూ మధ్య ఎనభై ఏళ్లకు పైగా గడిచాయి.

ఇప్పుడు రాయడానికి ఐతన్నలా అడవిలో తిరగాల్సిన పనిలేదు. ఫోన్ చాలు. అమెరికాలోని కార్నెల్ పక్షి పరిశోధన కేంద్రం, ఆడుబాన్ సొసైటీ కలిసి 2002లో మొదలుపెట్టిన ఈబర్డ్‌లో ఎవరైనా తాము చూసిన పిట్టల జాబితా, లెక్క, ఫొటో నమోదు చేయవచ్చు. దుకాణంలో ఖాతాపుస్తకం లాంటిదే ఇది. ఎన్ని నిమిషాలు చూశారు, ఎక్కడ చూశారు, ఏది ఎన్ని కనిపించాయి అని రాస్తారు. దీనిలో నాకు బాగా నచ్చింది ఒకటుంది. చూసినవన్నీ వదలకుండా రాస్తే, రాయని పిట్ట ఆ పూట అక్కడ కనబడలేదని కూడా తెలుస్తుంది. కనబడకపోవడమూ సమాచారమే. ఎన్ని జాబితాల్లో పాలపిట్ట ఉంది, ఎన్నింటిలో లేదు అని ఏడాది తర్వాత ఏడాది పోల్చితేనే అది తగ్గుతోందో పెరుగుతోందో తేలుతుంది.

అలా పోల్చి తయారుచేసినదే 2023 ఆగస్టులో వచ్చిన 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' నివేదిక. 30 వేల మందికి పైగా మామూలు మనుషులు రాసిన 3 కోట్ల పైచిలుకు నమోదులు దానికి ఆధారం. 942 జాతుల స్థితిని చూశారు. దీర్ఘకాలపు లెక్క తేల్చగలిగిన 338 జాతుల్లో 204 తగ్గాయి. మన పాలపిట్ట పన్నెండేళ్లలో దాదాపు 30 శాతం తగ్గిందని ఆ నివేదికే చెప్పింది. దసరా నాడు చూడాలని ఊరి బయటకు పోయే పిట్ట, తెలంగాణ రాష్ట్ర పక్షి అయిన పాలపిట్ట తగ్గుతోందని మనకు చెప్పింది ఏ ఒక్క మహా శాస్త్రవేత్తో కాదు. పేరు తెలియని వేలమంది పొద్దున్నే లేచి రాసుకున్న జాబితాలు. వాటిలో చాలా వాటికి ఒక్క లైకూ వచ్చి ఉండదు.

అలాంటి ఖాతాలో రాస్తే పలకరించేవాళ్లు ఉండరా అంటే, ఉంటారు. ఆ పలకరింపు వేరే రకం. మూడేళ్ల కిందట సాయంత్రం పూట గులాబిరంగు గోరింకల గుంపు ఒకటి మా కాలువ రోడ్డు తీగల మీద వాలింది. మధ్య ఆసియాలో గుడ్లు పెట్టి వానాకాలంలోనే మన దగ్గరకు వచ్చేసే పిట్టలివి. గుజరాతీలు 'వైయూ' అంటారు. ఒళ్లు పులకరించి ఈబర్డ్‌లో మూడు వేలని రాశాను. నాలుగు రోజులకు ఒక మెయిల్ వచ్చింది. ఆ ప్రాంతపు నమోదులను పరిశీలించే స్వచ్ఛంద కార్యకర్త రాశారు. "లెక్క పెద్దగా ఉంది. ఎలా లెక్కపెట్టారు?" అని మర్యాదగా అడిగారు.

మొదట చిన్నబుచ్చుకున్నాను. తర్వాత ఆ సాయంత్రం తీసిన ఫొటోను కార్ఖానా కంప్యూటర్‌లో తెరిచాను. జకార్డ్ డిజైన్‌కు గడులు గీస్తాం కదా, అలాగే ఫొటో మీద గడులు వేసి ఒక్కో గడిలో పిట్టలను లెక్కపెట్టాను. పడుగు పోగులు లెక్కపెట్టిన కళ్లకు అది కష్టం కాలేదు. మొత్తం పదకొండు వందల నలభై. లెక్క సరిదిద్ది, ఎలా లెక్కపెట్టానో రాశాను. "ధన్యవాదాలు, ఫొటో కూడా జతచేయండి" అని జవాబు వచ్చింది. అంతే. తొమ్మిదేళ్లలో నా ఫొటోను ఇంత జాగ్రత్తగా చూసిన మనిషి ఇంకొకరు లేరు. మా సేట్ గుడ్డను వేలితో తడిమి చూసినట్టు చూశారు.

ఇంకో పలకరింపు సిరిసిల్ల నుంచి వచ్చింది. ఇక్కడ ఒక పశువుల తబేలా దగ్గర బర్రె వీపు మీద కూర్చున్న నల్లటి పిట్టను తీశాను. కొసన చీలిన పొడుగాటి తోక. ఇంగ్లిష్ పేరు 'బ్లాక్ డ్రాంగో' అని రాసి పెట్టాను. మూడు లైకులు. మా తమ్ముడి కూతురు ఆ ఫొటోను అమ్మకు చూపించింది. రాత్రి అమ్మ ఫోన్ చేసింది.

"ఏం పేరు రాసినవ్ రా దానికి? గది పసులపోలిగాడు. మన బర్లెంబడి తిరిగేది యాదిలేదా బిడ్డా? కాకిని ఎంటబడి తరుముతది. దాని చెట్టు మీద గువ్వలు గూడు పెట్టుకుంటయ్, ధైర్యంగ ఉంటదని."

అమ్మ బడికి పోలేదు. ఆ రాత్రే జెర్డన్ పుస్తకంలో వెతికాను. ఆ పిట్ట దగ్గర తెలుగు పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంది: పసుల పోలిగాడు. నూట అరవై ఏళ్ల కింద ఎవరో చెప్పి రాయించిన పేరు, మా అమ్మ నోట అదే పేరు. కోపిష్టి పోలిగాడి నీడన చిన్న పిట్టలు గూళ్లు పెట్టుకుంటాయన్న సంగతి కూడా పక్షిశాస్త్రంలో ఉన్నదే. నడుమ ఉన్న నా తరం వాళ్లమే పేరు మరిచి 'బ్లాక్ డ్రాంగో' అని రాస్తున్నాం. మేం ఫొటోలు తీయడం మానేస్తే, అమ్మలాంటి వాళ్లను అడిగే సందర్భమే ఉండదు. అమ్మ పోయాక అడగాలన్నా అడగలేం.

ఇంత తాపత్రయం ఎందుకంటే మా ఆల్థాన్‌నే చూడండి. 1930 ఏప్రిల్‌లో ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో గాంధీజీ వచ్చిన భీమ్‌రాడ్ మా పక్క ఊరు. ఇవాళ అది ఊరు కాదు, నగరంలో భాగం. అటు ఖజోద్‌లో 2023 డిసెంబరు 17న డైమండ్ బోర్స్ ప్రారంభమైంది. ఇటు ఇదే ఖాడీ వెంట హెడ్గేవార్ వంతెన నుంచి భీమ్‌రాడ్–బమ్రోలీ వంతెన దాకా 87 హెక్టార్లకు పైగా చోటులో జీవవైవిధ్య ఉద్యానానికి 2022 సెప్టెంబరు 29న ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. మంచి పని. చెట్లు, నడకదారులు ఉండాల్సినవే. అయితే చెట్ల మీద బతికే పిట్ట వేరు, బురదలో బతికే పిట్ట వేరు. పదేళ్ల తర్వాత ఎవరైనా "ఈ ఉద్యానం రాకముందు ఇక్కడ ఏముండేవి? ఏవి పెరిగాయి? ఏవి పోయాయి?" అని అడిగితే జవాబు ఎవరి దగ్గర ఉంటుంది? తేదీ వేసిన ఫొటోలున్న వాళ్ల దగ్గరే. మూడు లైకులొచ్చిన ఆ ఉల్లంకి ఫొటో ఆరోజు మాట్లాడుతుంది.

మన తెలుగు ఊళ్ల చెరువుల సంగతీ అంతే. పూడిన చెరువు, ప్లాట్లు పడ్డ శిఖం భూమి, బోరు పక్కన ఎండిన కుంట. వాటి మీద ఒకప్పుడు ఏం వాలేవో చెప్పడానికి మన దగ్గర ఎన్ని కాగితాలున్నాయి?

అందుకే ఫొటోలు తీసే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నా మాట ఇది. ఫేస్‌బుక్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో పెట్టండి, తప్పులేదు. కానీ అక్కడ ఎవరికి ఏది చూపించాలో నిర్ణయించేది యంత్రం. అది చూపించకపోతే జనం చూడరు. మన పని బాగాలేదని దానికి అర్థం కాదు. కాబట్టి ఆ లెక్కతో మన పనిని తూచవద్దు. పెట్టేముందు ఫొటో కింద నాలుగు సంగతులు రాయండి: తేదీ, ఊరు, ఎన్ని ఉన్నాయి, ఏం చేస్తున్నాయి. మీ ఇంట్లో పెద్దవాళ్లను అడిగి తెలుగు పేరు రాయండి. జిల్లాకో పేరుంటే రెండూ రాయండి. అదే ఫొటోను ఈబర్డ్ లాంటి ఖాతాలో కూడా జమ చేయండి. గూడు, గుడ్లు, గుడ్లగూబ పగలు నిద్రపోయే చోటు మాత్రం ఎవరికీ చెప్పకండి. అరుదైన పిట్టలు కొన్నింటి చోటును ఈబర్డ్ కూడా బయటికి కనిపించనివ్వదు.

ఒకరిద్దరు తోడును వెతుక్కోండి. వంద మంది చూసీ చూడకుండా దాటేసేదాని కంటే, "ఇది ఆడదా మగదా?" అని అడిగే ఒక్క మనిషి మేలు. నాకు ఇప్పుడు అలాంటివాళ్లు ముగ్గురున్నారు. ఒకరు ఉధ్నాలో, ఒకరు వరంగల్‌లో, ఒకరు మా అమ్మ. కెమెరా అమ్మేసిన దోస్తుకు నా పాత బైనాక్యులర్ ఇచ్చాను. అతను చూస్తాడు, లెక్కపెడతాడు. నేను ఫొటో తీస్తాను. జాబితా ఇద్దరి పేరునా రాస్తాం.

చూసేవాళ్లకు కూడా ఒక మాట. మీ ఫోన్‌లో ఎవరిదో పిట్ట ఫొటో కనిపిస్తే ఒక్క నిమిషం ఆగండి. 'సూపర్' అని రాయనక్కర్లేదు. "ఇది మా ఊళ్లో కూడా ఉండేది, ఇప్పుడు కనబడటం లేదు" అని రాయండి. "మా వైపు దీన్ని ఇలా అంటారు" అని రాయండి. పేరు తప్పైతే మర్యాదగా సరిదిద్దండి. అది రాసినవాళ్లు ఆ పొద్దున గట్టు మీద నిలబడ్డ మనిషి పక్కన నిలబడినట్టే. మీరు రాసే ఆ ఒక్క వాక్యం కూడా రేపటికి సాక్ష్యమే.

ప్రతి ఏటా ఫిబ్రవరి మధ్యలో నాలుగు రోజులపాటు ప్రపంచమంతా పిట్టలను లెక్కపెడుతుంది. 'గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్' అంటారు. 2013 నుంచి మన దేశమూ పాల్గొంటోంది. పెద్ద కెమెరా అక్కర్లేదు, అడవికి పోనక్కర్లేదు. ఇంటి మిద్దె మీద, బడి ఆవరణలో, చెరువు గట్టున పదిహేను నిమిషాలు నిలబడి కనిపించిన పిట్టలన్నీ రాస్తే చాలు. వచ్చే ఫిబ్రవరిలో మీ ఊరి నుంచి ఒక్క జాబితా అయినా ఉండేలా చూడండి. పిల్లలను వెంట తీసుకుపోండి. ఇంట్లో అమ్మమ్మో నాయనమ్మో ఉంటే పేర్లు ఆమెను అడిగి రాయండి.

మొన్నటి లకుముకి ఫొటోకు లైకులు ఇప్పటికీ పదకొండే. దాని కింద తేదీ, టైము, కాంకరా ఖాడీ, ఆల్థాన్ అని రాసి ఉంది.